‘ది హోస్ట్’లో అన్నీ కలిపేశారా? మా మైపాడు బాబాయికి అలా అనిపించలేదు

మీరు కొరియా వాళ్ళ ‘ది హోస్ట్’ (2006) చూసి, "భయపెట్టాలో నవ్వించాలో దర్శకుడికే తెలీనట్టుంది, మాన్‌స్టర్ సినిమాలో ఇన్ని జానర్లెందుకు?" అని అడిగారు. కలపడం తప్పు కాదండీ, అతకకపోతేనే తప్పు. దర్శకుడు బాంగ్ జూన్ హో తీసిన ఈ సినిమాలో అతికింది.

ఈ సినిమా నేను మా బాబాయితో చూశాను. నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో ఆయనకి బజ్జీలు, చేపల వేపుడు అమ్మే బంకు ఉంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ నేను తెలుగులో చెబుతుంటే వింటూ చూశాడు. సినిమాలో హీరో కూడా హాన్ నది ఒడ్డున తండ్రి నడిపే చిన్న అంగట్లోనే ఉంటాడు. కస్టమర్‌కి ఇవ్వాల్సిన స్క్విడ్‌లో (పది కాళ్ళుండే సముద్ర జీవి) ఒక కాలు తుంచుకుని తినేస్తాడు. కస్టమర్లు గొడవ చేస్తే తండ్రి తిట్టి ఇంకోటి ఇచ్చి పంపుతాడు. "గిరాకీ ప్లేట్లో చెయ్యి పెట్టేవాడు ఇంకేం వ్యాపారం చేస్తాడ్రా!" అని బాబాయి టీవీ మీదే గయ్యిమన్నాడు. అంతలోనే నదిలోంచి ఒక వింత జంతువు వచ్చి పట్టపగలు జనం మీద పడుతుంది, వాడి కూతుర్ని ఎత్తుకుపోతుంది.

సంతాపం సీన్‌లో ఇంటిల్లిపాదీ పాప ఫొటో ముందు పడి దొర్లి ఏడుస్తారు, తన్నుకుంటారు, ఫొటోగ్రాఫర్లు టకటకా కొడుతుంటారు. పసుపు సూట్ వేసుకున్న అధికారి ఒకడు దర్జాగా వచ్చి జారి పడతాడు. నేను నవ్వాను, బాబాయి నవ్వలేదు. "చావింట్లో ఇట్టానే ఉంటదిరా" అన్నాడు. మా తాత పోయినరోజు షామియానా వాడు డబ్బులు అడిగితే పెదనాన్న ఏడుస్తూనే బేరమాడిన సంగతి ఎత్తాడు. అప్పుడు ఇద్దరం నవ్వాం.

మొదట్లో అమెరికా సైనిక ల్యాబ్‌లో సీసాలకొద్దీ ఫార్మాల్డిహైడ్ (శవాలు పాడవకుండా వాడే విష రసాయనం) సింకులో పోయించే సీన్‌ని రివ్యూల్లో పొలిటికల్ సెటైర్ అంటారు. సినిమాలో అది నదిలో కలిసే ఆ జంతువు పుడుతుంది. 2000లో సియోల్‌లోని అమెరికా సైనిక స్థావరంలో నిజంగానే అలా పోయించారు. బాబాయి మాత్రం "మన రొయ్యల గుంటల నీళ్ళలో ఏం పుడతదో" అన్నాడు. మా వైపు రొయ్యలు పట్టాక ఆ మందునీళ్ళు కాలవలోకి వదిలేస్తారు, అడిగే నాథుడు లేడు. అది వేరే గోల.

మన సినిమాల్లోనూ అన్నీ కలుపుతారు కదా అంటారేమో. మన దగ్గర హీరో ఇంట్లో శవం లేస్తుంటే కమెడియన్ పక్కవీధిలో చెంపదెబ్బలు తింటుంటాడు. ఆ ట్రాక్ మొత్తం ఎత్తేసినా కథకి ఏమీ కాదు. ఇక్కడ నవ్వించినవాడూ ఏడిపించినవాడూ ఒకడే. సినిమా మధ్యలో తూటాలు సరిగ్గా లెక్కపెట్టకుండా తుపాకీ ఇచ్చి, ముసలి తండ్రి ప్రాణం తీసేది స్క్విడ్ కాలు తిన్నవాడే. రెండుచోట్లా అదే మొద్దుతనం. మొదట కామెడీ, తర్వాత గుండెకోత. ఇందులో ఏ జానర్‌ని తీసేయమంటారు?

ఆ జంతువు నుంచి వైరస్ సోకిందని హీరోని ఆసుపత్రిలో పెట్టే భాగం మాత్రం సాగింది. అక్కడ నేనూ ఫోన్ తీశాను, దాచుకోవడమెందుకు. మీరు రివ్యూ చదివి ఒంటరిగా చూసుంటారు. ఈసారి ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన పెట్టుకుని చూడండి, సబ్‌టైటిల్స్ చదివి చెప్పే ఓపిక ఉంటేనే.