మేడ మీద సోలార్ పెట్టించమంటారా, ఎఫ్‌డీ కదపొద్దంటారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. హైస్కూల్ టీచరుగా రిటైరయ్యాను, వయసు 63. పెన్షన్ వస్తుంది, సొంత ఇల్లు, అప్పుల్లేవు. వచ్చే నెలలో 6 లక్షల ఎఫ్‌డీ మెచ్యూర్ అవుతుంది. ‘తాతయ్యా, మనం వాడేది బొగ్గు కరెంటే, మేడ మీద సోలార్ పెట్టించు’ అని మనవరాలు పట్టుబట్టింది. ఈ ఎండలూ, తిత్లీ లాంటి తుఫాన్లూ చూశాక నాకూ నిజమే అనిపిస్తోంది. మా వాడకం సగటున నెలకు 230 యూనిట్లు. వెండర్ 5 కిలోవాట్లు పెట్టుకోమంటున్నాడు. తెలిసినాయన ఒకరు సోలార్ పార్కులో 2 లక్షలు పెడితే నెలకు 6,000 ఇస్తారంటున్నారు. పాత స్కూటర్ అమ్మేసి ఎలక్ట్రిక్‌ది కొనాలనీ ఉంది. మా ఆవిడ మాత్రం ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు ఆ సోలార్ పార్కు సంగతి తేల్చేద్దాం. 2 లక్షలకు నెలకు 6,000 అంటే ఏడాదికి 36 శాతం. నిజంగా ప్లాంటు కడుతున్నవాళ్లకు బ్యాంకులు అంతకంటే చాలా తక్కువ వడ్డీకే అప్పిస్తాయి. అలాంటప్పుడు మీ దగ్గర నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి తీసుకోవాల్సిన ఖర్మ వాళ్లకేంటి? అనుమతి లేకుండా జనం దగ్గర ఇలా డిపాజిట్లు సేకరించడాన్ని 2019లో వచ్చిన చట్టం నిషేధించింది. అగ్రిగోల్డ్‌లో పోయిన డబ్బు కోసం తిరిగినవాళ్లు మీ వైపూ ఉండే ఉంటారు, అడిగి చూడండి. భూమి పేరు పోయి ఇప్పుడు సూర్యుడి పేరు వచ్చింది, అంతే తేడా. ఆ పెద్దమనిషికి వద్దని చెప్పేయండి.

ఇక మేడ మీద సోలార్. ఇది నాకు నచ్చిన ఆలోచనే. కాకపోతే పెట్టుబడి అనుకోకండి, నెలనెలా అయ్యే ఒక ఖర్చును తగ్గించుకోవడం అనుకోండి. అలా చూస్తే ఎంత పెట్టించాలన్నది వెండర్ చెప్పక్కర్లేదు, మీ బిల్లే చెబుతుంది.

అసలు దానికంటే ముందు మీ సీలింగ్ ఫ్యాన్లు చూడండి. పాత ఫ్యాన్ ఒక్కోటి 75 వాట్లు లాగుతుంది. కరెంటు తక్కువ లాగే మోటారుతో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 30 వాట్లతో సరిపెడుతుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే నాలుగు ఫ్యాన్లు మార్చితే నెలకు అరవై యూనిట్ల పైనే మిగులుతాయి. ఖర్చు 12,000 అటూ ఇటూ. ఫ్యాను మారిస్తే మేడ మీద నలుగురికీ కనిపించదు కాబట్టి దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, పెట్టిన రూపాయికి ఎక్కువ పొగ ఆపేది ఇదే. చలికాలం లెక్క కాస్త తగ్గించుకున్నా, మీ వాడకం 180 దగ్గరికి దిగుతుంది.

ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. 2 కిలోవాట్లు పెడితే నెలకు 240 దాకా. వానాకాలం తగ్గుదల పోయినా మీకు సరిపోతుంది. ధర ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది, 1,30,000 అనుకుందాం. పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున 60,000 ఇస్తుంది. ఒడిశా ప్రభుత్వం 2 కిలోవాట్లకు మరో 50,000 కలుపుతోంది. రెండూ వస్తే మీ జేబులోంచి పోయేది 20,000. మీకు తగ్గే బిల్లు ఏడాదికి 9,000 వరకు, ఎందుకంటే ఒడిశాలో కరెంటు ధర మరీ ఎక్కువేం కాదు, 200 యూనిట్లలోపు వాళ్లకు యూనిట్ 5 రూపాయలు కూడా పడదు. రెండేళ్లు దాటేసరికి డబ్బు తిరిగొచ్చేస్తుంది. రాష్ట్రం సొమ్ము రాకపోతే మాత్రం దాదాపు ఎనిమిదేళ్లు. నేనైతే ఆ ఎనిమిదేళ్ల లెక్కకే సిద్ధపడమంటాను. ప్యానెళ్లకు పాతికేళ్ల వారంటీ ఉంటుంది కాబట్టి అదీ నష్టమేం కాదు. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ మాత్రం మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు, దానికి కొంత పక్కన పెట్టుకోండి.

వెండర్ చెప్పే 5 కిలోవాట్ల సంగతి చూడండి. ధర 3 లక్షలు అనుకుంటే, సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గరే ఆగిపోతుంది. కేంద్రానిది 78,000, రాష్ట్రానిది 60,000, మొత్తం 1,38,000. మిగతా 1,62,000 మీవే. తగ్గే బిల్లు మాత్రం అదే 9,000. మిగులు యూనిట్లు అమ్ముకుని లాభం చేసుకోవచ్చన్న మాట నమ్మి సైజు పెంచకండి. పైగా 5 కిలోవాట్లకు 500 చదరపు అడుగులు పోతాయి. వడియాలు ఎండబెట్టుకునే జాగా కూడా లేకుండా చేశారని అమ్మగారి చేత మాట పడాల్సి వస్తుంది.

ఇంకో సంగతి, తిత్లీ అన్నారు కాబట్టి చెబుతున్నాను. 2018 అక్టోబర్‌లో మీ జిల్లా రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు సోలార్ ఆదుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఆదుకోదు. బ్యాటరీ లేని సోలార్, వీధి లైన్‌లో కరెంటు పోగానే ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలాగే తయారుచేస్తారు. ఇంట్లో పాత ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటే తీసేయకండి. స్టాండు ఎంత గాలివేగానికి డిజైన్ చేశారో వెండర్ చేత కాగితం మీద రాయించుకోండి. శ్లాబుకు బోల్టులు వేసిన చోట చెమ్మ దిగకుండా ఏం చేస్తాడో కూడా అడగండి. ఇంటికి భారత్ గృహ రక్ష బీమా పాలసీ తీసుకుని, ప్యానెళ్లను అందులో ప్రత్యేకంగా రాయించండి. కొబ్బరిచెట్టు నీడ, వాటర్ ట్యాంకు నీడ ఎక్కడ పడుతుందో ఉదయం తొమ్మిదికీ సాయంత్రం మూడుకీ మీరే పైకెళ్లి చూసుకోండి.

సబ్సిడీ ప్యానెళ్లు బిగించి, పరీక్ష అయ్యాకే బ్యాంకులో పడుతుంది. అందుకని మొదట సబ్సిడీ భాగం కూడా మీరే కట్టాలి. రెపో రేటుకు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) అర శాతం కలిపి బ్యాంకులు ఇచ్చే సూర్యఘర్ లోన్ చౌకే, కానీ చేతిలో డబ్బుండగా ఈ వయసులో ఈఎంఐ టెన్షన్ దేనికి? కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉందో మాత్రం ఇవాళే చూడండి. మన తెలుగువాళ్లకు అక్కడ వచ్చే చిక్కు ఇదే. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ముందుంటుంది, కరెంటు బిల్లులో వెనక్కి పోతుంది. చాలా ఇళ్లలో మీటరు ఇంకా పోయిన నాన్నగారి పేరు మీదే ఉంటుంది. అది సరిచేయించుకున్నాకే అప్లికేషన్ పెట్టండి.

స్కూటర్ బాగా తిరుగుతుంటే తిరగనివ్వండి. అది మూలపడ్డ రోజున ఎలక్ట్రిక్‌ది కొనండి.

అమ్మగారి మాట సగం కంటే ఎక్కువే నిలబెడదాం. 6 లక్షల్లో 4 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. 8.2 శాతం చొప్పున ఏడాదికి 32,800, మూడు నెలలకోసారి చేతికొస్తుంది. బ్యాంకులో గ్రీన్ డిపాజిట్ (పర్యావరణానికి మేలు చేసే పనులకు వాడే ఎఫ్‌డీ) అని చూపిస్తే, మామూలు డిపాజిట్ వడ్డీ ఎంతో పక్కనే అడగండి. స్టేట్ బ్యాంకు 2024లో తెచ్చిన దానికి పదో వంతు శాతం తక్కువ పెట్టారు. 4 లక్షల మీద ఏడాదికి 400 తేడా. మనవరాలి సంతోషం కోసం దక్షిణ అనుకుంటే తప్పులేదు, మీ ఇష్టం. గ్రీన్ ఎనర్జీ మ్యూచువల్ ఫండ్లు మాత్రం మీ పెన్షన్ వయసుకు పడవు. ఒకే రంగం షేర్లు పడితే ఎప్పుడు లేస్తాయో ఎదురుచూసే ఓపిక ఆ డబ్బుకు లేదు.

మిగిలిన 2 లక్షల్లోంచి ఫ్యాన్లకు, సోలార్‌కు పోగా 60,000 దాకా ఉంటుంది. సబ్సిడీ వచ్చేదాకా అది సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి. వెండర్ ఎంత తొందరపెట్టినా డబ్బు మొత్తం ముందే ఇచ్చేయకండి, చివరి వాయిదా నెట్ మీటర్ (వాడిన కరెంటు, లైన్‌కు పంపిన కరెంటు రెండూ లెక్కించే మీటరు) బిగించిన రోజునే ఇవ్వండి.