రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంచుతావు?

గాజువాక నుంచి ఒక తమ్ముడి ప్రశ్న: "అక్కా, ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి ఒహాయో వెళ్తున్నాను. అక్కడ రోజూ ఎన్ని తాళంచెవులు జేబులో పెట్టుకోవాల్సి వస్తుంది? మా అమ్మ ఇక్కడి ఇంటి తాళాలు కూడా ఒక జత పట్టుకెళ్లమంటోంది. సింహాద్రి అప్పన్న బొమ్మ ఉన్న ఇత్తడి కీచైను కొనిచ్చింది. అదొక్కటే పావుకిలో ఉంటుంది. తీసుకెళ్లాలా, వద్దా?"

తమ్ముడూ, అప్పన్న సంగతి చివర్లో చెబుతాను. ప్రయాణం కట్టేవాళ్లు నన్ను వీసా గురించి అడుగుతారు, ఆవకాయ సీసా కారకుండా ఎలా చుట్టాలో అడుగుతారు, కుక్కర్ గాస్కెట్లు ఎన్ని పెట్టుకోవాలో అడుగుతారు. తాళాల గురించి అడిగిన మొదటివాడివి నువ్వే. తెలివైనవాడివే. కాకపోతే నువ్వు జేబులో ఉండేవాటి లెక్క అడిగావు. నేను పాతికేళ్లుగా జేబులో లేని ఆ ఒక్కదాని గురించే బెంగపడుతున్నాను.

ప్రస్తుతం ఎంవీపీ కాలనీలో అమ్మ దగ్గర ఉన్నాను, సెలవు మీద. నీ ప్రశ్న చదివాక అమ్మ నడుముకు దోపుకునే గుత్తిని అడిగి తీసుకుని వంటింటి త్రాసు మీద పెట్టాను. పదిహేడు తాళంచెవులు, 310 గ్రాములు. ఒక్కొక్కటీ ఏమిటో అమ్మను చెప్పమన్నాను. తొమ్మిదింటికి జవాబు వచ్చింది. మిగతావాటిలో ఒకటి నాన్న ఎప్పుడో అమ్మేసిన స్కూటరుది. ఒకటి మేడ మీద గదిది. ఆ గది తలుపు 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు ఎగిరిపోయి ఎవరి డాబా మీద పడిందో ఇప్పటికీ తెలియదు. తాళంచెవి మాత్రం భద్రంగా ఉంది. పారేద్దామంటే అమ్మ నా చేతిలోంచి గుత్తి లాక్కుంది. "ఉంటే నీకేం బరువు, మోసేది నేను" అంది. అందులో న్యాయం ఉంది కాబట్టి ఊరుకున్నాను.

నేను 2001 జనవరిలో కొత్త పెళ్లికూతురిగా కొలంబస్‌లో దిగినప్పుడు నా చేతిసంచిలో అలాంటి గుత్తే ఉండేది. పుట్టింటి బీరువాది, రెండు సూట్‌కేసులవి, మా వీధి తలుపు తాళంకప్పది, ఆఖరికి నా సైకిలుది కూడా. సైకిలు సీతమ్మధారలో మా పెదనాన్నగారి ఇంట్లో ఉంది. తాళంచెవి ఒహాయోలో ఉంది. ఆర్నెల్ల తర్వాత మా పెదనాన్న రంపంతో గొలుసు కోయించారట. నవ్వుకో, కానీ నువ్వూ అదే చేయబోతున్నావు. ఎనిమిది వేల మైళ్ల పైన కూర్చుని గాజువాక ఇంటి తాళంతో ఏ తలుపు తీస్తావు?

ఇక అసలు కథ. దిగిన పదో రోజు. మా ఆయన ఆఫీసుకు వెళ్లిపోయారు. నేను చెత్త సంచి పట్టుకుని, నైటీ మీద ఒక స్వెట్టరు తగిలించుకుని, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో వసారాలోకి వచ్చాను. నా వెనకాల తలుపు మూసుకుపోయింది. "టిక్" అని చిన్న చప్పుడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. విశాఖలో మా ఇంటి తలుపు మనం గడియ వేస్తే పడేది, తీస్తే వచ్చేది. మూస్తే దానంతట అదే తాళం పడే తలుపు ఒకటి ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. తాళంచెవి లోపల, భోజనాల బల్ల మీద, అరటిపండ్ల పక్కన ఉంది. మా ఆయన ఆఫీసు నంబరు ఫోను పక్కన కాగితం మీద ఉంది. ఫోను కూడా లోపలే. అప్పట్లో సెల్‌ఫోను మా ఇంటికి ఇంకా రాలేదు.

ముందు చెత్త పారేసి వచ్చాను. ఎందుకంటే వేరే ఏం చేయాలో తోచలేదు. ఎదుటి తలుపు కొట్టాను. తలుపుకు ఉన్న చిన్న గాజు కన్నం చీకటి పడింది, అంటే ఎవరో చూస్తున్నారు. తర్వాత మళ్లీ వెలుతురు వచ్చింది. తలుపు తెరవలేదు. వాళ్లను తప్పుపట్టను. నైటీ, స్వెట్టరు, చెప్పులు, కళ్లలో నీళ్లు. నేనున్నా తెరిచేదాన్ని కానేమో. అయితే అమ్మ ఇంటి పక్కవాటా పిన్నిగారు గుర్తొచ్చారు. మా ఇంటి రెండో తాళం ఎప్పుడూ ఆవిడ దగ్గరే, గోడ మీద క్యాలెండరు వెనక మేకుకు ఉండేది. బడి నుంచి వచ్చి అమ్మ లేకపోతే నేను అటు నుంచి అటే వెళ్లి తాళం తీసుకునేదాన్ని, ఊరికే కాదు, ఒక పూతరేకో జంతికో తిని మరీ. అలాంటి మనిషి ఈ దేశంలో నాకు ఒక్కరంటే ఒక్కరు లేరని ఆ క్షణంలో తెలిసింది. చలికన్నా అదే ఎక్కువ వణికించింది.

భవనం కింద బట్టలు ఉతుక్కునే యంత్రాల గది ఉంది. బట్టలు ఆరబెట్టే యంత్రం ఒకటి తిరుగుతోంది. దాని పక్కన నేల మీద, వీపు దానికి ఆనించుకుని కూర్చున్నాను. నలభై నిమిషాలకు అది ఆగిపోయింది. నా దగ్గర నాణేలు లేవు, మళ్లీ తిప్పుదామంటే. మధ్యాహ్నం రెండు దాటాక ఆ బట్టలావిడ వచ్చింది, డెబ్భై ఏళ్లుంటాయి. నన్ను చూసి అరవలేదు. తన వేడి తువ్వాలు ఒకటి తీసి నా కాళ్ల మీద కప్పి, ఏ అంతస్తు అని అడిగింది. ఆవిడ ఇంట్లోంచి అపార్ట్‌మెంటు కార్యాలయానికి ఫోను చేస్తే పది నిమిషాల్లో వచ్చి తలుపు తీశారు. పది నిమిషాలు! నేను మొత్తం నాలుగు గంటలు గడిపాను. కార్యాలయం ఎదుటి భవనంలోనే ఉందని నాకు తెలియదు.

ఆ తర్వాత ఆవిడ తొమ్మిదేళ్లు మా రెండో తాళం దాచింది. అదీ నా మొదటి స్నేహం.

మిగతా పొరపాట్లు చిన్నవి. ఒకసారి రాత్రిపూట తాళాలు తీసేవాడిని పిలిచాం. ఫోనులో ఒక ధర చెప్పి, వచ్చాక 145 డాలర్లు అడిగాడు. నేను డాలరు నలభై ఏడు చొప్పున రూపాయల్లోకి మార్చుకుని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇంకోసారి ఉత్తరాల పెట్టెలో ఒక కొత్త తాళంచెవి కనిపించింది, అంకె రాసి ఉంది. పార్సిల్ పెద్దదైతే పోస్టుమనిషి దాన్ని పక్కనున్న పెద్ద అరలో పెట్టి, ఆ అర తాళంచెవిని మన పెట్టెలో వేస్తాడు. అర తెరిచాను, అమ్మ పంపిన చీర తీసుకున్నాను, తాళంచెవి బయటికి రాలేదు. లాగాను, తిప్పాను, చివరికి వేలు కోసుకున్నాను. తీరా చూస్తే అది రాకుండా చేసిన ఏర్పాటే. పోస్టుమనిషి వచ్చి తీసుకుంటాడు. నువ్వు తెరువు, పార్సిల్ తీసుకో, తలుపు మూసి వెళ్లిపో. దానితో కుస్తీ పట్టకు.

సరే, నీ లెక్క. గది తలుపుది ఒకటి. భవనం ముఖద్వారానికి వేరే తాళంచెవో, చూపిస్తే తెరుచుకునే ప్లాస్టిక్ బిళ్లో ఉండవచ్చు. ఉత్తరాల పెట్టెది ఒకటి. సైకిలు కొంటే దానిది, కారు కొంటే దానిది. మొత్తం అయిదు. జేబులోకి వెళ్లాల్సినవి గదిదీ, ముఖద్వారానిదీ, అంతే. ఉత్తరాల పెట్టెది తలుపు పక్కన మేకుకు తగిలించు, వారానికి రెండుసార్లు తీసుకెళ్తే చాలు. సైకిలుది సైకిలు తీసిన రోజే. గది తాళంచెవి మీ అమ్మగారి బీరువాదానిలా పొడుగ్గా ఉండదు, వేలెడంత పలచని రేకు. దానికి దండం పెట్టాల్సింది లైనస్ యేల్ అనే అమెరికన్‌కు. 1861లో, 1865లో ఆయన తీసుకున్న పేటెంట్ల తర్వాతే అంత చిన్న తాళంచెవి ఇంటి తలుపుకు అలవాటయింది. కాబట్టి బరువంతా ఎక్కడి నుంచి వస్తుందంటే, తాళంచెవుల నుంచి కాదు, మనం తగిలించే బొమ్మలు, సీసా మూత తీసే కొక్కేలు, దుకాణాలవాళ్లు ఇచ్చే రాయితీ బిళ్లల నుంచి వస్తుంది. తాళాలు ఎక్కడో పెట్టి మరిచిపోయే రకానివైతే ఎయిర్‌ట్యాగ్ ఒకటి తగిలించు, అంటే గుత్తి ఎక్కడుందో ఐఫోనులో చూపించే చిన్న బిళ్ల, పదకొండు పన్నెండు గ్రాములే. బరువుకు ఒప్పుకున్న ఒకే ఒక్క అలంకారం అది.

కారు తాళంచెవిని మాత్రం గుత్తిలో కలపకు. కొక్కెంతో విడిపోయేలా ఉంచు. ఇది నా చాదస్తం అనుకుంటావేమో. 2014లో జనరల్ మోటార్స్ సుమారు 26 లక్షల చిన్న కార్లను వెనక్కి పిలిచింది. కుదుపుకో, వేలాడే గుత్తి బరువుకో లోపలి స్విచ్ జారి, కారు నడుస్తుండగానే ఇంజను ఆగిపోయేది, అప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవచ్చు. ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలను ఈ లోపంతో ముడిపెట్టి అంగీకరించింది. మరమ్మతు అయ్యేదాకా కారు తాళంచెవి ఒక్కదాన్నే వాడమని యజమానులకు చెప్పారు. నువ్వు కొనబోయేది ఎలాగూ పాత కారే. చాలా కార్ల తాళంచెవిలో చిప్ ఉంటుంది. అలాంటిదానికి దుకాణంలో వట్టి ఇనుప నకలు తీయిస్తే తలుపు తెరుచుకుంటుంది కానీ ఇంజను మొదలవదు. మీట నొక్కే రకమైతే దాని పొట్టలో చిన్న ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది. చలికాలంలో బ్యాటరీ నీరసించినప్పుడు అదే దిక్కు. కొన్న రోజే దాన్ని బయటికి లాగి చూసుకో. నేను మూడేళ్లు వాడాక ఒక డిసెంబరు రాత్రి తెలుసుకున్నాను.

విశాఖలో సముద్రపు గాలికి తాళంకప్ప తుప్పు పట్టి, అమ్మ నెలనెలా కొబ్బరినూనె చుక్క వేస్తుంది. ఒహాయోలో అయితే తాళంలో మంచు గడ్డకడుతుంది. మరిగే నీళ్లు పోయకు, అవే మళ్లీ గడ్డకట్టి ఇంకా బిగుసుకుంటుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తాళంచెవులు తిరిగి ఇవ్వకపోతే ఎంత కోస్తారు, నకలు తీయించవచ్చా అన్నవి నీ అద్దె ఒప్పందంలోనే ఉంటాయి, చదువుకో. చదవకుండా సంతకం పెట్టే వయసే నీది, నాకు తెలుసు.

రెండో తాళంచెవి దగ్గరికి వస్తాను. దాన్ని గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా కింద పెట్టకు, చెప్పులో పెట్టకు, మనవాళ్లలా కరెంటు మీటరు పెట్టెలో దాచకు. ఒక మనిషికి ఇవ్వు. నీతో గది పంచుకునేవాడికి ఇస్తానంటావు. ఇద్దరూ ఒకే సినిమాకు వెళ్లి ఇద్దరూ తాళం మరిచిపోతారు, చూశాను. వేరే ఇంట్లో ఉండే మనిషి కావాలి, నడిచి వెళ్లేంత దూరంలో. ఎవరూ తెలియదు కదా అంటావు. అందుకే చెబుతున్నాను, దిగిన మొదటి వారంలోనే నలుగురి తలుపులు కొట్టు, ఇంగ్లీషు తడబడినా సరే, ఒక డబ్బాలో నాలుగు జంతికలు పెట్టుకుని. నేను అటక మీద పిల్లిలా ఇంట్లో కూర్చున్నాను కాబట్టే యంత్రాల గదిలో నాలుగు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. చదువు, ఉద్యోగం నీకు ఎలాగూ వస్తాయి, వచ్చినవాళ్లందరికీ వస్తున్నాయి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి చీకటి పడుతున్నట్టు అనిపించే డిసెంబరులో, "తాళం మరిచిపోయాను, మీ ఇంటికి రానా" అని అడగగలిగే ఒక మనిషి వెంటనే రారు.

అప్పన్న కీచైను తీసుకెళ్లు. మీ అమ్మగారి మనసు నొప్పించకు. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టు, చేరాక తలుపు లోపలివైపు, కంటి ఎత్తున, మేకుకు తగిలించు. తాళంచెవులు దానికే వేలాడతాయి, బయటికి వెళ్లేటప్పుడు ఆయన కనిపిస్తే తాళం గుర్తొస్తుంది. గాజువాక ఇంటి జత మాత్రం మీ అమ్మగారికి ఇచ్చి, పక్కింటివాళ్ల దగ్గర ఉంచమని చెప్పు.

నీ యూనివర్సిటీ ఊరు ఏదో రాయలేదు. కొలంబస్ అయితే మళ్లీ రాయి. మా వంటింటి గోడకు ఆరు మేకులున్నాయి. అయిదింటికి నీలాంటి పిల్లల తాళంచెవులు ఉన్నాయి, ఒక్కోదానికి తెల్లటి ప్లాస్టరు ముక్క మీద ఇంటిపేరు రాసి. చివరిదాని యజమాని 2013లోనే సియాటిల్ వెళ్లిపోయాడు. ఆ అపార్ట్‌మెంట్లు కూల్చేశారు కూడా. తీసేద్దామని ప్రతి ఉగాదికీ అనుకుంటాను. ఆరోది ఖాళీ.