పర్డ్యూనా, డాలసా, టెంపేనా? ఒక మాస్టారి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఈసీఈ చదివింది. వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్పుల తయారీ చదువు వైపు అమెరికాలో ఎంఎస్ చేస్తానంటోంది. పర్డ్యూ, యూటీ డాలస్ (టెక్సస్ విశ్వవిద్యాలయం), అరిజోనా స్టేట్ (టెంపే ఊళ్లోది) మూడింట్లోనూ అడ్మిట్ వచ్చింది. ర్యాంకు చూస్తే పర్డ్యూ ముందుంది. కన్సల్టెన్సీ వాళ్లు అరిజోనా స్టేట్‌కి వెళ్లమంటున్నారు, ఇన్నోవేషన్‌లో అదే నంబర్ వన్ అట. మా బావమరిది కుటుంబం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటోంది కాబట్టి డాలస్ అయితే పిల్ల వాళ్ల కళ్లముందు ఉంటుందని మా ఆవిడ పట్టు. అమ్మాయి మాత్రం బంధువులు లేని ఊరైతే బాగుంటుందని ఒకసారి అని ఊరుకుంది. నేను తెనాలి దగ్గర హైస్కూల్లో టీచర్ని. మూడేళ్లలో రిటైర్మెంట్. ఇంటి మీద లోను తీసుకోవాలి. వీటిలో దేనికి పేరెక్కువ? పిల్ల ఎక్కడ బాగుంటుంది?

జవాబు: మాస్టారూ, ముందుగా ఒక భయం తీసేస్తాను. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ అనే నకిలీ విశ్వవిద్యాలయం మూతపడి మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించిన రోజులు, 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి విశ్వవిద్యాలయం పేరుతో ప్రభుత్వమే పన్నిన వలలో మనవాళ్లు చిక్కుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఈ మూడింటికీ ఆ భయం అక్కర్లేదు. మూడూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే, మూడింట్లోనూ పరిశోధన బాగా సాగుతోంది. ఏది ఎంచుకున్నా అమ్మాయి మోసపోదు. ఇక తేల్చుకోవాల్సింది ఎంత ఖర్చుకి, ఎలాంటి జీవితం అన్నదే.

పేరు సంగతికొస్తాను. మీరు చూసిన ర్యాంకు బహుశా యూఎస్ న్యూస్ అనే పత్రికది. ఆ పట్టికలో ఎలక్ట్రికల్ లాంటి బ్రాంచీల ర్యాంకు ఎలా వస్తుందో తెలుసా? దేశంలోని డిపార్ట్‌మెంట్ హెడ్లకు కాగితం ఇచ్చి, మిగతా డిపార్ట్‌మెంట్లకు మార్కులు వెయ్యమంటారు. అంతే. గుంటూరు జిల్లా హెడ్మాస్టర్లందర్నీ పిలిచి ఏ స్కూలు మంచిదో మార్కులు వెయ్యమంటే మీ స్కూలుకి ఏమొస్తుందో ఒక్క క్షణం ఊహించండి. వాళ్లకు ఏమీ తెలియదని కాదు, ఏ స్కూల్లో పేరున్న మాస్టార్లు ఉన్నారో బాగానే తెలుస్తుంది. తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో చివరి బెంచీ పిల్లాడికి లెక్కలు ఎలా వస్తున్నాయో మాత్రం తెలియదు. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన నంబర్ వన్ ఇన్నోవేషన్ కూడా ఇలాంటి అభిప్రాయ సేకరణే. అందులో ఓటేసేది విశ్వవిద్యాలయాల అధిపతులు, పెద్ద అధికారులు.

సర్వే కాకుండా అంకెల మీద నడిచే ర్యాంకుల కథా చూశాం. 2022లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలోనే గణితం చెప్పే మైకేల్ థాడియస్ అనే ప్రొఫెసర్, తన విశ్వవిద్యాలయం ఇచ్చిన అంకెలు సరికావని లెక్కలతో సహా బయటపెట్టాడు. రెండో స్థానంలో ఉన్న కొలంబియా అదే ఏడాది 18కి దిగింది. చదువు మాత్రం ఆ ఆరు నెలల్లో ఏమీ మారలేదు.

కంపెనీల దగ్గర ఉండే పేరు వేరు. ఉద్యోగాలిచ్చే కంపెనీలు క్యాంపస్‌కి వచ్చే కెరీర్ ఫెయిర్‌లో అమ్మాయి ఫైలు పట్టుకుని నలభై నిమిషాలు వరుసలో నిలబడి టేబుల్ దగ్గరికి వెళ్తే, అవతలి మనిషి చాలాసార్లు అడిగే మొదటి ప్రశ్న ‘నీకు వీసా స్పాన్సర్‌షిప్ కావాలా?’ అని. డిఫెన్స్ పనులు చేసే కంపెనీలైతే అక్కడితోనే థాంక్యూ చెప్పేస్తాయి, ఆ ఉద్యోగాల్లో చాలావాటికి అమెరికా పౌరులే కావాలి. ఆ గండం దాటితే సర్క్యూట్ల సెటప్ టైమ్, హోల్డ్ టైమ్, చిప్ డిజైన్ రాసే వెరిలాగ్ భాష, నువ్వు సొంతంగా చేసిన ప్రాజెక్టేంటి, ఇవీ ప్రశ్నలు. ర్యాంకు అడిగిన ఇంటర్వ్యూయర్ గురించి నా విద్యార్థులెవరూ ఇంతవరకూ చెప్పలేదు. మరి పేరుతో పనేంటంటారా? ఆ ఫెయిర్‌కి ఏ కంపెనీలు వస్తాయన్నది పేరును బట్టే ఉంటుంది.

ఇక పెళ్లిళ్లలో వినపడే పేరు ఒకటుంది. ఐవీ లీగా కాదా అని అడుగుతారు. ఐవీ లీగ్ అంటే ఎనిమిది విశ్వవిద్యాలయాల ఆటల కూటమి. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ రెండూ అందులో లేవు. ఈసారి ఎవరైనా అడిగితే ఆ ముక్క చెప్పి భోజనానికి లేవండి.

మీ అమ్మాయి అదృష్టమో, తెలివో గాని, ఏరుకున్న మూడూ చిప్పుల ఊళ్లే. పర్డ్యూ ఇండియానాలో వెస్ట్ లాఫయెట్ అనే చిన్న ఊళ్లో ఉంది. 1869లో పెట్టారు. చుట్టూ మొక్కజొన్న, సోయా పొలాలు. ఇండియానాపొలిస్‌కి కారులో గంట పైన, చికాగోకి రెండు గంటల పైన. చంద్రుడి మీద మొదట కాలుపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడి విద్యార్థే. ఆఖరుగా చంద్రుడి మీద నడిచి వచ్చిన సెర్నన్ కూడా పర్డ్యూలోనే, అదీ ఎలక్ట్రికల్‌లోనే చదివాడు. అయితే అమ్మాయికి నేను చెప్పబోయేది వీళ్ల గురించి కాదు. తను నోటుబుక్కులో రోజూ గీసే మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్‌ని 1959లో బెల్ ల్యాబ్స్‌లో చేసి చూపిన ఇద్దరిలో ఒకడైన మొహమ్మద్ అటల్లా పీహెచ్‌డీ చేసింది పర్డ్యూలో. సెమీకండక్టర్ల కోసమే 2022లో అక్కడ ప్రత్యేకంగా చదువులు మొదలుపెట్టారు. 2024 ఏప్రిల్‌లో ఎస్‌కే హైనిక్స్ అనే కొరియా కంపెనీ దాదాపు 387 కోట్ల డాలర్లతో అదే ఊళ్లో మెమరీ చిప్పుల ప్యాకేజింగ్ ఫ్యాక్టరీ పెడతామని ప్రకటించింది. ట్యూషన్ ఫీజు 2013 నుంచి పెంచకుండా పట్టుకొచ్చారు. అయినా బయటి దేశం పిల్లలకు ఏడాదికి ముప్పై వేల డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది, తిండీ అద్దే వేరు.

యూటీ డాలస్‌కి వయసు తక్కువ. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే చిప్పుల కంపెనీ పెట్టినవాళ్లే తమకు ఇంజనీర్లు దొరకడం లేదని 1961లో ఒక పరిశోధన కేంద్రం పెట్టుకున్నారు. 1969లో దాన్ని రాష్ట్రానికి ఇచ్చేస్తే ఈ విశ్వవిద్యాలయం అయింది. ఇంటర్ పూర్తిచేసిన పిల్లల్ని నేరుగా చేర్చుకోవడం 1990లో గాని మొదలవలేదు. ఫుట్‌బాల్ జట్టు లేదు, చదరంగం జట్టు మాత్రం చాలా గట్టిది. ఆ ఒక్క మాటతో అక్కడి గాలి మీకు అర్థమై ఉంటుంది. 1958లో జాక్ కిల్బీ మొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్, అంటే చిప్పు, చేసింది ఆ డాలస్‌లోనే, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లోనే. ఆ కంపెనీ ఫ్యాబ్‌లు, అంటే చిప్పులు చేసే ఫ్యాక్టరీలు, క్యాంపస్ ఉన్న రిచర్డ్‌సన్‌లో ఉన్నాయి, ఉత్తరాన షెర్మన్‌లోనూ కొత్తవి కట్టారు. డబ్బు విషయంలో ఒక కిటుకు ఉంది. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం వెయ్యి డాలర్లు వస్తే, బయటివాళ్ల ఫీజు బదులు ఆ రాష్ట్రం పిల్లల ఫీజు కట్టే వీలుంటుంది. స్కాలర్‌షిప్పు వెయ్యే గాని, ఫీజులో తగ్గేది దానికి ఎన్నో రెట్లు. మీ అడ్మిట్ లెటర్లో ఆ మాట ఉందో లేదో మీరు రాయలేదు. వెంటనే చూడండి.

అరిజోనా స్టేట్ గురించి తక్కువే చెప్తాను. చెడ్డదని కాదు. ఇంటెల్ పక్కనే చాండ్లర్‌లో ఉంది, ఫీనిక్స్ ఉత్తరాన తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ ఫ్యాబ్ నడుస్తోంది, ఊళ్లో లైట్ రైలు ఉంది. ఎందర్ని వద్దన్నామన్నది కాక ఎందరికి చోటిచ్చామన్నదే తమ గొప్ప అని చెప్పుకునే విశ్వవిద్యాలయం అది, ఆ మాట నాకు నచ్చుతుంది. కాకపోతే టెంపే క్యాంపస్‌లోనే 50 వేలకు పైగా విద్యార్థులు. మొహమాటపడే పిల్ల ఆ జనంలో రెండేళ్లు ఏ ప్రొఫెసర్‌కీ పేరు తెలియకుండా గడిపేయొచ్చు. ఎండ సంగతి మనకు తెలియనిదా అనుకోకండి. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీల పైన కొట్టింది. క్లాసులు మొదలయ్యేది ఆగస్టులో. మిగతా రెండూ చేతిలో ఉండగా మీ అమ్మాయికి దీన్ని నేను మూడోదిగానే పెడతాను.

ర్యాంకు లేని చోట చదివి కూడా పైకొచ్చారు కదా అని మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్లనూ అడోబ్ శాంతను నారాయణ్‌నూ చూపిస్తారు. నిజమే, ఒకరు విస్కాన్సిన్-మిల్వాకీలో, ఇంకొకరు బౌలింగ్ గ్రీన్‌లో ఎంఎస్ చేశారు. అయితే ఆ కాలానికి అమెరికా వెళ్లిన మన విద్యార్థులు ఇప్పటికంటే చాలా తక్కువ. 2023-24లో అమెరికాలో మన దేశం విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఇద్దరి పేర్లు చెప్పి ఇప్పుడు పిల్లల్ని పంపడం నాకు సరిగా అనిపించదు.

ఇప్పుడు పిల్ల ఎక్కడ బాగుంటుందన్న ప్రశ్న. బ్రోషర్లో పచ్చగడ్డి మీద పడుకుని చదివే పిల్లలు డిగ్రీ పిల్లలు. ఎంఎస్ పిల్లలు ఎక్కువమంది క్యాంపస్ బయట రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్లో నలుగురు ఉంటారు. ఫ్రిజ్‌లో ఒక్కో అర ఒక్కొకరిది, వంటకు వంతులు, ఆవకాయ సీసా మాత్రం ఉమ్మడి. పర్డ్యూలో ఉన్న నా విద్యార్థిని ఒకమ్మాయి మొదటి డిసెంబరులో వీడియో కాల్ చేసి కిటికీ వైపు ఫోను తిప్పింది. సాయంత్రం ఆరున్నర, బయట కటిక చీకటి. ‘సార్, ల్యాబ్‌లోకి వెళ్లేటప్పుడు వెలుతురు చూశా, మళ్లీ రేపు చూస్తా’ అంది. జనవరిలో బస్‌స్టాపులో నిలబడితే ఫోను బ్యాటరీ చలికి చచ్చిపోయేదట. అదే అమ్మాయి ఫిబ్రవరిలో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లి గొంతు పోగొట్టుకుని ఫోను చేసింది. ఊళ్లో చెయ్యడానికి ఇంకేం లేదు కాబట్టి అందరూ క్యాంపస్‌లోనే ఉంటారు, ఒకరికొకరు దొరుకుతారు. చిన్న ఊరిలో మంచి ఇదే, చెడూ ఇదే. చలి కోటూ బూట్లూ ఇక్కడ కొనకండి, అక్కడి చలికి అక్కడివే ఆగుతాయి.

డాలస్‌లో తెలుగు వినపడని రోజు ఉండదు. ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు గుళ్లు, టిఫిన్ సెంటర్లు, బతుకమ్మ, ఉగాది అన్నీ ఉన్నాయి. క్యాంపస్ మాత్రం సాయంత్రమయ్యేసరికి చాలావరకు ఖాళీ అవుతుంది, కారు లేకపోతే ఎక్కడికైనా కష్టమే. ఇంకొకటి, తెలిసినవాళ్ల కొట్టులో నాలుగు గంటలు కూర్చుంటే డాలర్లొస్తాయి కదా అని ఎవరో ఒకరు అంటారు. మీ బావమరిదే అన్నా సరే, వద్దని చెప్పండి. చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల పనికే అనుమతి. బయట అనుమతి లేకుండా చేస్తే వీసాకే ముప్పు. టెక్సస్‌లో 2016 నుంచి లైసెన్సు ఉన్నవాళ్లు క్యాంపస్‌లోకి తుపాకీ తీసుకెళ్లొచ్చన్న చట్టం ఉందని కూడా మీకు తెలియాలి. భద్రత గురించి వాళ్ల మాటా వీళ్ల మాటా వినక్కర్లేదు. క్యాంపస్‌లో జరిగిన నేరాల లెక్క ప్రతి విశ్వవిద్యాలయం ఏటా ప్రకటించాలని అక్కడ 1990 నుంచి చట్టం ఉంది, దాన్ని క్లెరీ రిపోర్టు అంటారు. మూడింటివీ పక్కపక్కన పెట్టి మీరే చదవండి.

ఇప్పుడు అమ్మాయి అని ఊరుకున్న మాట. దాన్ని అలక అనుకోకండి. ఫ్రిస్కోలో ఉంటే శనాదివారాలు మేనమామ ఇంట్లో, సోమవారం ఏ మార్కొచ్చిందో మంగళవారానికి తెనాలిలో. అది ఊహించుకునే అని ఉంటుంది. వాళ్లు మంచివాళ్లు కాబట్టే ఆ అమ్మాయి గట్టిగా అనలేకపోయింది. మీ ఆవిడ భయమూ తప్పు కాదు. జ్వరమొస్తే అరగంటలో వచ్చే మనిషి ఉండడం చిన్న సంగతి కాదు.

ఈ వారం ఒక పని చెయ్యండి. పర్డ్యూ వాళ్లు నడిపే నానోహబ్ అనే సైటు ఉంది, ట్రాన్సిస్టర్ లోపల ఎలక్ట్రాన్లు ఎలా నడుస్తాయో చూపించే సిమ్యులేషన్లు అందులో ఉచితం. అమ్మాయిని ఖాతా తెరిచి రెండు సాయంత్రాలు కూర్చోమనండి. భోజనానికి పిలిచినా లేవకపోతే ఆమె దారి డివైస్‌లు (ట్రాన్సిస్టర్ల లోపలి పని), ఫ్యాబ్రికేషన్ (చిప్పు తయారీ), బహుశా పీహెచ్‌డీ. అప్పుడు లోను కాస్త బరువైనా పర్డ్యూకే నా ఓటు, అదీ థీసిస్ ఎంఎస్, అంటే పరిశోధన చేసి గ్రంథం రాసే ఎంఎస్ అయితే. అడ్మిట్ లెటర్లో థీసిసా, నాన్ థీసిసా అన్నది చూసుకోండి, ప్రొఫెసర్ దగ్గర డబ్బు దొరికే అవకాశం ఎక్కువగా మొదటివాళ్లకే. విసుగొచ్చి లేచిపోయి వెరిలాగ్ కోడ్ రాసుకుంటుంటే, చిప్ డిజైన్ ఉద్యోగమే ధ్యేయమైతే, టెక్సస్ స్కాలర్‌షిప్ కూడా ఉంటే, డాలస్‌ని కాదని రిటైరయ్యే మనిషి ఇంటి మీద అదనంగా అప్పు చెయ్యమని నేను చెప్పలేను. చదువయ్యాక ఉద్యోగానికిచ్చే ఓపీటీ ఇప్పుడు మూడు చోట్లా ఒకటే, 12 నెలలూ పైన 24. రూల్సు మారినా మూడింటికీ ఒకేలా మారతాయి కాబట్టి దాన్ని ఈ తూకంలో వెయ్యకండి.

డాలసే అయితే క్యాంపస్‌కి నడిచే దూరంలో, తోటి పిల్లలతో వేరే ఇల్లు తీసుకుంటుందని మీ బావమరిదికి ముందే మీరే చెప్పండి, ఆ మాట అమ్మాయి చేత చెప్పించకండి. పర్డ్యూ అయితే నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇండియానాపొలిస్ నుంచి ఫ్రిస్కోకి పంపుతానని మీ ఆవిడకి మాటివ్వండి. ఆ టికెట్టు సెప్టెంబరులోనే కొనాలి, తర్వాత ధర మండిపోతుంది.