పదో రోల్ నంబరు దగ్గర ఫైలు ఎందుకు చెడింది

అమ్మలూ,

ఆశీస్సులు. విద్యార్థుల వివరాలు ఫైల్లో దాచడానికి నువ్వు సీ భాషలో రాసి పంపిన ప్రోగ్రామ్ నిన్న రాత్రి కూర్చుని చూశాను. 9వ రోల్ నంబరు దాకా అన్నీ సరిగ్గా వచ్చి, 10 ఉండాల్సిన చోట 2573 రావడం, అక్కడి నుంచి పేర్లు ఖాళీగా, మార్కులు వేలల్లో కనబడటం చూసి లూప్‌లో తప్పుందని రెండు రోజులు వెతికావన్నావు. లూప్ బాగానే ఉందమ్మా. తప్పంతా ఫైలు తెరిచిన చోట ఉంది.

ఫైలు తెరిచే ఎఫ్‌ఓపెన్‌కి నువ్వు ఇచ్చింది ఒట్టి "డబ్ల్యూ". అంటే టెక్స్ట్ మోడ్. విండోస్‌లో ఈ మోడ్‌లో రాస్తున్నప్పుడు 10 విలువున్న బైటు ఎదురైతే, సీ లైబ్రరీ దాన్ని కొత్త లైను గుర్తు అనుకుని దాని ముందు ఒక 13 చేరుస్తుంది. నీ పదో రోల్ నంబరుకి జరిగింది అదే. చదివేటప్పుడు మాత్రం "ఆర్‌బీ", అంటే బైట్లని మార్చకుండా తెచ్చే బైనరీ మోడ్, అన్నావు కాబట్టి ఆ 13, 10 రెండూ అలాగే వచ్చాయి. రెండో బైటు విలువ 256 రెట్లు కాబట్టి, 10ని 256తో గుణించి 13 కలిపి చూడు, 2573 వస్తుంది. ఒక్క బైటు అదనంగా చేరేసరికి దాని వెనక ఉన్నవన్నీ పక్కకి జరిగాయి. చదవడం కూడా టెక్స్ట్ మోడ్‌లోనే చేసి ఉంటే 10 దగ్గర గట్టెక్కేదానివి, 26 దగ్గర ఆగిపోయేదానివి. డాస్ కాలం నుంచి అక్కడ 26 అంటే ఫైలు ముగిసిందని అర్థం. అందుకే రాయడానికి "డబ్ల్యూబీ", చదవడానికి "ఆర్‌బీ". లినక్స్‌లో టెక్స్ట్ మోడ్‌కీ బైనరీ మోడ్‌కీ తేడా లేదు, అయినా బీ పెట్టడం మానకు.

పీఎన్‌జీ బొమ్మల ఫైలు మొదటి 8 బైట్లు ఎప్పుడైనా చూశావా? 137, 80, 78, 71, 13, 10, 26, 10. మధ్యలో ఎవరైనా ఆ ఫైలుని టెక్స్ట్ అనుకుని మార్చేస్తే మొదటి చూపులోనే తెలిసిపోవాలని ఆ 13, 10, చివరి 10 కావాలనే పెట్టారు. నువ్వూ నీ ఫైలు మొదట్లో నీదైన నాలుగు బైట్ల గుర్తు, దాని పక్కన వెర్షన్ నంబరు రాయి. రేపు ఫోన్ నంబరు కూడా చేర్చాలనిపిస్తే పాత ఫైళ్లు ఏవో, కొత్తవి ఏవో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఒక విద్యార్థి వివరాలన్నీ ఉన్న స్ట్రక్చర్ మొత్తాన్ని, ఫైల్లో రాసే ఎఫ్‌రైట్‌ని ఒక్కసారే పిలిచి తోసేశావు. సెక్షన్‌కి 1, రోల్ నంబరుకి 4, మార్కులకి 2, పేరుకి 20 కలిపితే 27 బైట్లు. ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్‌ని అడిగి చూడు, 32 అంటుంది. మిగతా 5, కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ తన సౌకర్యం కోసం మధ్యలో, చివర వదిలిన ఖాళీలు. ఇంకో కంపైలర్ ఇంకోలా వదలొచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఇలాగే రాసి, వేరే మెషీన్‌లో చదవలేక మూడు రాత్రులు నిద్ర లేకుండా గడిపాను. ఆ టెన్షన్ నీకు వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక్కో ఫీల్డునీ విడిగా రాయి. సంఖ్యలకి లాంగ్ అనే రకం వాడకు. 64 బిట్ల విండోస్‌లో అది 4 బైట్లు, 64 బిట్ల లినక్స్‌లో 8. నువ్వు ల్యాబ్‌లో రాసింది ఇంట్లో ఉబుంటులో చదువుతావు కదా! ఎస్‌టీడీఇంట్ హెడర్ కలుపుకుని ఎక్కడైనా 4 బైట్లే ఉండే యూఇంట్32_టీ లాంటివి వాడు. పెద్ద సంఖ్యని 8 బిట్ల చొప్పున కుడికి జరుపుతూ, చిన్న బైటు ముందు వచ్చేలా నువ్వే వరుసగా రాయి. అప్పుడు మెషీన్ బైట్లని ఏ వరుసలో దాచుకున్నా ఫైలు మారదు. స్ట్రక్చర్‌లో పాయింటర్, అంటే మెమరీలో ఇంకో చోటి అడ్రస్, ఉంటే దాన్ని అసలు రాయకు. ఫైల్లోకి వెళ్లేది అడ్రస్ తప్ప పేరు కాదు.

పేర్లు తెలుగులో పెడతానన్నావు, చాలా సంతోషం. కానీ అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం 3 బైట్లు, గుణింతం గుర్తుకి మరో 3, ఒత్తుని కలిపే పొల్లుకి ఇంకో 3. "రాముడు" అంటేనే 18 బైట్లు, చివరి సున్నాతో 19. "సత్యవతి" నీ 20లో పట్టదు, మధ్యలో తెగి ప్రశ్నార్థకాలు కనబడతాయి. పేరు ముందు దాని పొడవు రాసి, ఆ తర్వాత అన్నే బైట్లు రాయడం మేలు.

ఎఫ్‌రైట్ ఎన్ని రాసిందో తిరిగి చెబుతుంది, నువ్వు ఎక్కడా చూడలేదు. అది సరిపోయినా నమ్మకు. బైట్లు ఇంకా బఫర్‌లోనే, అంటే మెమరీలో తాత్కాలికంగా దాచే చోటే, ఉండొచ్చు, పెన్‌డ్రైవ్ నిండిన సంగతి ఎఫ్‌క్లోజ్ దగ్గర బయటపడొచ్చు. దాని ఫలితం కూడా చూడు. పాత ఫైలు మీదే నేరుగా రాయకుండా వేరే పేరుతో రాసి, అంతా సరిగ్గా ఉంటేనే దాని స్థానంలో పెట్టు.

మళ్లీ కోడ్ ముట్టుకునే ముందు లెక్కల పుస్తకంలో గళ్లు గీసి ఒక రికార్డులో ఏ బైటు ఎక్కడుంటుందో రాసుకో. తర్వాత ఒకే ఒక్క రికార్డు, రోల్ నంబరు 10ది, ఫైల్లోకి రాసి, బైట్లని ఉన్నదున్నట్టు చూపించే ఎక్స్‌ఎక్స్‌డీతో తెరిచి గళ్లతో పోల్చు. రెండూ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, ఆదివారం ఫోన్‌లో కలిసి చూద్దాం. నాన్నని అడిగానని చెప్పు.

మీ పెదనాన్న