టైటాన్ మీద టీకొట్టు

చిరంజీవి చిట్టికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ కామిక్ పేజీలు చూశాను. గీత బాగుంది, ఓడ ఇంకా బాగుంది. అది దిగిన లోకమే ఎక్కడో చూసినట్టుంది. ఊదారంగు ఆకాశం, రెండు చందమామలు, మూడు కళ్ల సైనికులు. ఐడియాల కోసం వేరే కామిక్సులే తిరగేస్తున్నావని నా అనుమానం. కొన్నాళ్లు వాటిని అటకెక్కించి, నిజంగా ఉన్న చోటు ఒకటి పట్టుకో.

కథ ఎలాగూ శనిగ్రహం దగ్గరే కదా, దాని ఉపగ్రహం టైటాన్‌నే తీసుకో. 2005 జనవరి 14న హైగెన్స్ నౌక అక్కడ దిగి ఫొటోలు పంపింది. అంతా నారింజ రంగు మసక, నేల మీద గుండ్రటి రాళ్లు. ఆ రాళ్లు గడ్డకట్టిన నీళ్లే. మైనస్ 179 డిగ్రీల చలి మరి! అక్కడ వానగా కురిసేదీ, సముద్రాల్లో నిండేదీ ద్రవ మీథేన్.

ఇప్పుడు అక్కడ ఒక టీకొట్టు పెట్టు. పొయ్యి ఎలా వెలుగుతుంది? మీథేన్‌కి కొదవ లేదు, కానీ గాలిలో ఆక్సిజన్ లేదు. మనం గ్యాస్ బండ కొనుక్కుని గాలి ఊరికే వాడుకుంటాం. అక్కడ గ్యాస్ ఊరికే వస్తుంది, ఆక్సిజన్ కొనుక్కోవాలి. అదేమో ఆ మంచురాయిని కొట్టి, కరిగించి, విడగొడితేగానీ రాదు. అంటే మంచు క్వారీ ఎవరిదైతే ఊరు వాళ్లదే. నీ విలన్ దొరికాడు, మూడో కన్ను అవసరం లేకుండానే.

టైటాన్ మీద మన బరువు ఏడో వంతే. గాలేమో మనకన్నా చిక్కన. చేతులకి రెక్కలు కట్టుకుంటే మనిషి ఎగరగలడంటారు. అప్పుడు ప్రహరీగోడ దేనికి? దొంగ పైకప్పులోంచి దిగుతాడు, తాళం అక్కడే వెయ్యాలి. ఒక్కో ఋతువు ఏడేళ్ల పైనే ఉంటుంది, పిల్లల వయసు ఎలా లెక్కపెడతారో నువ్వే తేల్చు.

ఒక్కటి మాత్రం తప్పు చెయ్యకు. చాలామంది టైటాన్ ఆకాశంలో శని వలయాలు గీసేస్తారు. ఆ మసకలో నేల మీదివాళ్ల కంటికి అవి కనపడవు. ఓడ మసక దాటి పైకి లేచినప్పుడు ఫుల్ పేజీలో చూపించు, అప్పటిదాకా దాచుకో.

రాకెట్ స్టేషన్ గీయాలంటే శ్రీహరికోట వెళ్లి రా. సూళ్లూరుపేట నుంచి రోడ్డు పులికాట్ సరస్సు మీదుగానే పోతుంది, చలికాలమైతే ఫ్లెమింగోలు కూడా కనపడొచ్చు. రాకెట్ బొమ్మ ఎక్కడైనా దొరుకుతుంది గానీ, నువ్వు జనాన్ని చూడు. ప్రయోగం రోజు జాలర్లని సముద్రంలోకి వెళ్లొద్దంటారు. ఆ పూట వాళ్లేం చేస్తారో అడుగు. నీ కథలో ఓడ లేచే రోజున మీథేన్ సముద్రం మీద పడవలు నడిపేవాళ్ల కూలి కూడా ఎగిరిపోతుంది. వాళ్లలో ఒకామెకి నీ హీరోయిన్ మీద కోపం ఉంటే, గొడవ దానంతటదే వస్తుంది.

ఇవన్నీ క్యాప్షన్లలో వివరించి చంపకు. టీకొట్టు గోడ మీద ఆక్సిజన్ ధర బోర్డు ఒకటి గీస్తే చాలు, అదీ ఓ మూలకి. మాటల బెలూన్లు కాస్త పెద్దవి పెట్టు, ఇప్పుడు నీ ఒత్తులు కింది లైన్ గుడుల్ని గుద్దేస్తున్నాయి.

టీకొట్టు పేజీ పెన్సిల్‌తో గీసి, ఇంకు వెయ్యకముందే పంపు.

మీ పెదనాన్న