స్కాట్లాండ్‌లో ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్లకి ప్రభుత్వం జవాబు చెబుతుందా? హీటింగ్ డబ్బులు మనకీ వస్తాయా?

మీరు అడిగినవి రెండు. గ్లాస్గో ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ సోకి పిల్లలు చనిపోయారని వార్తల్లో చూశాం, అక్కడి ప్రభుత్వం నిజంగా జవాబు చెబుతుందా అన్నది ఒకటి. చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచుకోడానికి డబ్బులిస్తారట, వర్క్ వీసా మీద వచ్చేవాళ్లకి కూడా ఇస్తారా అన్నది రెండోది. రెండోదానికి జవాబు చిన్నదే: రావు. మొదటిదానికి జవాబు: చెబుతుంది, కానీ పదేళ్లు పడుతుంది. పదమూడేళ్లుగా ఇక్కడే ఉన్నాం. రెండూ మా గుమ్మం దాకా వచ్చినవే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

కొన్నేళ్ల కిందట డిసెంబరులో మా ఆయనకి అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయింది. ఏ ఆసుపత్రో చెప్పను. ఆపరేషన్ బాగానే జరిగింది, ఆరో రోజు ఇంటికి పంపిస్తామన్నారు. ఐదో రోజు రాత్రి విరేచనాలు మొదలయ్యాయి. యాంటీబయాటిక్స్ వేడి చేశాయేమో అనుకున్నాం, మన లెక్క అదే కదా! రెండు రోజులకి టెస్టు రిపోర్టు వచ్చింది, సీ డిఫ్ అని. పూర్తి పేరు క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ (పాత పేరు క్లాస్ట్రిడియం డిఫిసిల్), అదొక బ్యాక్టీరియా. యాంటీబయాటిక్స్ వాడితే పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుంది, ఆ ఖాళీలో ఇది పెరిగి విషం చిమ్ముతుంది. వయసులో ఉన్నవాళ్లు తట్టుకుంటారు, పెద్దవాళ్లకి ప్రాణం మీదికొస్తుంది. రిపోర్టు వచ్చేదాకా ఆయన నలుగురున్న గదిలోనే ఉన్నారు. నలుగురికీ ఒకటే టాయిలెట్. వచ్చిన గంటలో మాత్రం విడిగా గది ఇచ్చి, తలుపు మీద ఒక కాగితం అంటించారు: చేతులు సబ్బుతో కడుక్కోండి, జెల్ సరిపోదు.

ఆ కాగితం ముందు నిలబడిపోయాను. వారం రోజులుగా వార్డులోకి వెళ్లేటప్పుడల్లా గోడకి బిగించిన ఆ జెల్‌ని తీర్థం పుచ్చుకున్నట్టు అరచేతిలో పట్టుకుని రుద్దుకుంటూనే ఉన్నాను. సీ డిఫ్ స్పోర్లని, అంటే గట్టి పెంకు కట్టుకుని విత్తనాల్లా ఉండిపోయే రూపాన్ని, జెల్‌లో ఉండే ఆల్కహాల్ చంపదు. సబ్బూ నీళ్లతో కడిగి వదిలించుకోవాల్సిందే. మంచాలూ, నేలా క్లోరిన్ మందుతో తుడవాలి. ఇది వైద్యరంగానికి కొత్త సంగతేమీ కాదు. మా ఊరికి అరగంట దూరంలోనే దీనిమీద ఒక పెద్ద విచారణ జరిగిందని నాకు అప్పుడే తెలిసింది.

అలెగ్జాండ్రియా అనే చిన్న ఊళ్లో వేల్ ఆఫ్ లీవెన్ ఆసుపత్రి ఉంది. 2008లో అక్కడ సీ డిఫ్ సంగతి బయటపడింది. మొదట చెప్పింది ఆరు నెలల లెక్క: 18 మరణాలు. చనిపోయినవాళ్ల కుటుంబాలు ఒక గుంపుగా చేరి, ఆ లెక్కతో ఊరుకోకుండా బహిరంగ విచారణ కావాలని పట్టుబట్టాయి. అప్పటి ఆరోగ్యమంత్రి నికోలా స్టర్జన్ 2009లో ఒప్పుకున్నారు. లార్డ్ మక్లీన్ అనే జడ్జి రిపోర్టు 2014 నవంబరులో వచ్చింది. 2007, 2008 రెండేళ్లూ కలిపి చూస్తే 143 మందికి సోకింది, 34 మంది చావుకి అది కారణమో, ఒక కారణమో అయింది. జబ్బు సోకినవాళ్లని వెంటనే వేరు చేయలేదని, కేసులు పెరుగుతున్నా అది వ్యాప్తి అని ఎవరూ గుర్తించలేదని, ఆసుపత్రి మూసేస్తారేమోనన్న బెంగతో సిబ్బంది నీరుగారిపోయారని, పైన అజమాయిషీ లేదని తేల్చారు. మొత్తం 75 సిఫార్సులు. ప్రభుత్వం అన్నీ ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది. విచారణకి అయిన ఖర్చు కోటి పౌండ్ల పైమాటే.

అంతా బాగానే ఉంది. ఆ రిపోర్టు వచ్చిన మరుసటి ఏడాదే, 2015లో, గ్లాస్గోలో 84 కోట్ల పౌండ్లతో క్వీన్ ఎలిజబెత్ యూనివర్సిటీ హాస్పిటల్ తెరిచారు. పక్కనే పిల్లల ఆసుపత్రి. రెండూ వేల్ ఆఫ్ లీవెన్‌ని నడిపిన అదే హెల్త్ బోర్డు (ఆ ప్రాంతంలో ప్రభుత్వ ఆసుపత్రుల్ని నడిపే సంస్థ) కిందివి. మీరు వార్తల్లో చూసింది దీని గురించే. తెరిచిన ఏడాదే నీటి వ్యవస్థ మీద చేయించిన తనిఖీ, రిస్కు చాలా ఎక్కువగా ఉందని చెప్పింది. 2018 దాకా ఆ రిపోర్టు మీద ఎవరూ కదల్లేదు. ఈలోగా క్యాన్సర్ మందులతో ఒంట్లో రోగనిరోధక శక్తి అడుగంటిపోయిన పిల్లలకి రక్తంలో ఇన్‌ఫెక్షన్లు. కుళాయిలకి ఫిల్టర్లు బిగించారు, 2018 సెప్టెంబరులో ఆ వార్డులే ఖాళీ చేయించి పిల్లల్ని పక్క బిల్డింగ్‌కి మార్చారు. 2019 నవంబరులో లేబర్ పార్టీ సభ్యుడు అనస్ సర్వర్ లోపలివాళ్లు అందించిన కాగితాలు పట్టుకుని స్కాటిష్ పార్లమెంటులో అడిగితేగానీ ఆ 2015 తనిఖీ సంగతి జనానికి తెలియలేదు. 84 మంది పిల్లల ఫైళ్లు తిరగేసిన నిపుణులు 2021లో, దాదాపు మూడోవంతు ఇన్‌ఫెక్షన్లు ఆసుపత్రి పరిసరాల వల్లే వచ్చి ఉండవచ్చన్నారు. బోర్డు అప్పటికీ ఒప్పుకోలేదు. లార్డ్ బ్రోడీ అనే జడ్జి నడిపే బహిరంగ విచారణ 2020లో మొదలైంది. 2026 జనవరిలో, ఆఖరి వాదనల్లో, కొన్ని ఇన్‌ఫెక్షన్లకీ ఆసుపత్రి నీటి వ్యవస్థకీ సంబంధం ఉండే అవకాశమే ఎక్కువ అని బోర్డు మొదటిసారి ఒప్పుకుంది. లెక్కేసుకోండి, తెరిచిన దగ్గర్నుంచి పదకొండో ఏడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, తెలిసి ఉండటం మంచిది. స్కాట్లాండ్‌లో ఆరోగ్యం పూర్తిగా ఎడిన్‌బరా ప్రభుత్వం చేతిలోది, లండన్‌ది కాదు. హెల్త్ బోర్డుల పెద్దల్ని నియమించేది మంత్రులే. కానీ ఏదన్నా జరిగితే, రోజువారీ నిర్వహణ బోర్డుది కదా అంటారు. బోర్డేమో మేం అన్నీ రూల్ ప్రకారం చేశాం అంటుంది. పాపం ఎవరి నెత్తిన రుద్దాలో తేలేలోపు ముగ్గురు మంత్రులు మారిపోతారు.

ఇప్పుడు హీటింగ్. మా కింది ఫ్లాట్‌లో ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. ఎత్తైన కప్పులున్న పాతకాలం రాతి బిల్డింగ్ మాది, ఎంత వేడి పెట్టినా పైకే పోతుంది. ఆవిడ ఇంట్లో ఉన్నది ప్రీపేమెంట్ మీటరు. కొట్టుకెళ్లి ఫోన్ రీఛార్జ్ చేయించుకున్నట్టే కరెంటుకీ గ్యాసుకీ డబ్బు వేయించుకోవాలి, వాడినా వాడకపోయినా రోజూ స్టాండింగ్ ఛార్జీ కింద కొంత కోసుకుంటూనే ఉంటుంది. 2024 జులైలో లండన్‌లో ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్, అతి తక్కువ ఆదాయం ఉండి పెన్షన్ క్రెడిట్ లాంటి బెనిఫిట్లు తీసుకునేవాళ్లకే తప్ప మిగతా పెద్దవాళ్లకి వింటర్ ఫ్యూయల్ పేమెంట్ (మీరడిగిన హీటింగ్ డబ్బు) ఉండదని ప్రకటించారు. అది ఇంగ్లండ్, వేల్స్ నిర్ణయం. కానీ ఇటు రావాల్సిన నిధులు తగ్గిపోవడంతో ఎడిన్‌బరా కూడా ఆగస్టులో అదే దారి పట్టింది. పోయిన భర్త పెన్షన్ వల్ల మా పెద్దావిడ ఆదాయం వారానికి నాలుగు పౌండ్లు ఎక్కువట, దాంతో ఆ ఏడాది ఆవిడకి సున్నా. ఆ చలికాలమంతా ఆవిడ పొద్దున్నే కోటు వేసుకుని బస్సెక్కేది. ఇక్కడ అరవై దాటితే బస్సు ఉచితం, లోపల హీటరూ ఉంటుంది. ఒక రూటు చివరిదాకా వెళ్లి, దిగి, ఇంకో బస్సెక్కి తిరిగొచ్చేది. ఎక్కడికి వెళ్తున్నారని ఒకసారి అడిగితే ‘ఎక్కడికీ కాదు’ అంది, నవ్వుతూనే.

అయితే బ్రిటన్ మొత్తం మీద దాదాపు కోటి మంది పెద్దవాళ్లకి ఒకేసారి ఆ డబ్బు ఆగింది. స్థానిక ఎన్నికల్లో గుమ్మం గుమ్మం తిరిగిన కార్యకర్తలకి అదే ప్రశ్న ఎదురైంది. 2025 జూన్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లందరికీ మళ్లీ ఇస్తామంది. స్కాట్లాండూ అదే పరిమితి పెట్టింది. ఆ చలికాలం ఎనభై దాటనివాళ్లకి 203.40 పౌండ్లు, దాటినవాళ్లకి 305.10. పదకొండు నెలలు కూడా పట్టలేదు చూడండి. అక్కడ పదకొండేళ్లు, ఇక్కడ పదకొండు నెలలు.

దీనికి కారణం ప్రభుత్వం మంచిదో చెడ్డదో అని కాదనిపిస్తుంది నాకు. డబ్బు ఆగితే ఆ నెలలోనే ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది. మన దగ్గర ఒకటో తారీఖు పింఛను పడకపోతే రెండో తారీఖుకల్లా ఊరంతా తెలియదూ, అలాగే. ఇన్‌ఫెక్షన్ అలా కాదు. పక్క వార్డులో ఇంకో ఇద్దరికి సోకిందని నాకెలా తెలుస్తుంది? లెక్క మొత్తం ఆసుపత్రి దగ్గరే ఉంటుంది, తప్పు చేసినవాళ్లూ వాళ్లే, లెక్కపెట్టేవాళ్లూ వాళ్లే. కుటుంబాలు ఒకర్నొకరు వెతుక్కుని ఒక చోటికి చేరేదాకా ఎవరికి వాళ్లు తమ తలరాత అనుకుంటారు.

ఇక్కడంతా గొప్ప, అక్కడంతా చెడ్డ అనడం లేదు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశాక నలుగురు చనిపోయినప్పుడు, తెలంగాణ ప్రభుత్వం రోజుల్లోనే కమిటీ వేసింది, కుటుంబానికి ఐదు లక్షలు ప్రకటించింది, నెల తిరక్కుండా కిందివాళ్ల మీద చర్యలూ తీసుకుంది. ఇక్కడ ఆ వేగం ఊహించలేం. మన దగ్గర సస్పెన్షన్ ముందొస్తుంది, కారణం వెనకబడిపోతుంది. ఇక్కడ కారణం కోసం ఏళ్లు తవ్వుతారు, ఉద్యోగం పోయినవాడు మాత్రం కనబడడు.

మీ వీసా సంగతి. వర్క్ వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అని రాసి ఉంటుంది, అంటే ప్రభుత్వమిచ్చే బెనిఫిట్లు తీసుకోకూడదని. హీటింగ్ సాయాలు ఆదాయాన్ని బట్టో, వయసు, వైకల్యాన్ని బట్టో ఇచ్చే బెనిఫిట్లతో ముడిపడి ఉంటాయి, అవి మనకి వర్తించవు. ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చేదాకా వాటి జోలికెళ్లొద్దు, పొరపాటున అప్లై చేసినా వీసాకి తలనొప్పి. మాకు ఒక్కసారి మాత్రం వచ్చింది: 2022-23 చలికాలంలో ప్రతి ఇంటి కరెంటు ఖాతాకీ ఆరు నెలల్లో 400 పౌండ్లు వేశారు, దానికి వీసా అడగలేదు. గదికో హీటరు కొనే ముందు కిటికీల సందులకి టేపు వేసి, మందపాటి కర్టెన్లు కట్టుకోండి, మాకు ఎక్కువ పనికొచ్చింది అదే. ఆసుపత్రి వేరు. ఏడాదికి పెద్దవాళ్లకి తలా 1,035 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి కట్టే వస్తారు కాబట్టి ఎన్‌హెచ్ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యంలో, మీకూ అందరితో సమానంగా హక్కుంది, ఫిర్యాదు చేసే హక్కుతో సహా.

ఆ ఫిర్యాదు ఎలాగంటే, మొదట వార్డు స్థాయిలో, ఐదు పనిదినాల్లో జవాబివ్వాలి. తృప్తి లేకపోతే రెండో దశ, ఇరవై పనిదినాలు. అదీ కాకపోతే ఆంబుడ్స్‌మన్, అంటే ప్రభుత్వ సంస్థల మీద ఫిర్యాదుల్ని విడిగా విచారించే అధికారి. మా మొదటి జవాబు రెండు పేరాలు: మీకు కలిగిన అనుభవానికి చింతిస్తున్నాం అని. నా అనుభవానికి చింతించడమేమిటి, జరిగినదానికి కదా చింతించాలి! ఆ రోజుల్లో నేను ఒక చిన్న నోటుబుక్కులో అన్నీ రాసుకునేదాన్ని, అలవాటు కొద్దీ, పాలవాడి లెక్క రాసుకున్నట్టు. ఏ రోజు ఏ యాంటీబయాటిక్ మార్చారు, విరేచనాలు ఏ రాత్రి మొదలయ్యాయి, నర్సుకి ఎన్ని గంటలకి చెప్పాను, శాంపిల్ ఎప్పుడు తీసుకున్నారు, గది ఎప్పుడు మార్చారు. ఆ పేజీల ఫొటోలు తీసి రెండో దశకి జత చేశాను. ఇరవై రోజులన్నది రెండు నెలలు పట్టింది గానీ, ఈసారి మూడు పేజీల ఉత్తరం వచ్చింది. చెప్పిన రాత్రే వేరే గదికి మార్చాల్సిందని, రిపోర్టు కోసం ఆగడం తప్పని తేదీలతో సహా రాశారు. మీరు వచ్చేటప్పుడు మందులూ, పచ్చళ్లతో పాటు ఒక చిన్న నోటుబుక్కు కూడా పెట్టుకోండి.