పాత భవనం గోడ మీద ప్రొజెక్షన్‌తో నాటకం: ముందు ఏం చూసుకోవాలి?

పాత భవనం ముందు నాటకం వేస్తున్నాం, గోడ మీద ప్రొజెక్షన్ ఉంటుంది, 10,000 ల్యూమెన్ల (ప్రొజెక్టర్ ఇచ్చే మొత్తం వెలుగుకి కొలత) ప్రొజెక్టర్ సరిపోతుందా, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడిగారు.

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. మ్యాడ్‌మ్యాపర్ అయినా రెజొల్యూమ్ అరీనా అయినా పని నడిచేంత త్వరగానే వస్తుంది. ముందు మీ షో ఏ టైముకో సరిగ్గా ఆ టైముకి వెళ్లి గోడ చూడండి. నేను చూడలేదు. మొదటిసారి పగటిపూట వెళ్లి కొలతలు తెచ్చుకుని, రెండు వారాలు మానిటర్ ముందు కూర్చుని ముదురు నీలం రాత్రి, చీకటి నీళ్లు ముచ్చటగా తయారుచేసుకున్నాను. రిహార్సల్లో ఆన్ చేస్తే గోడ మీద బూడిద మరక! పక్కనే రెండు వీధిదీపాలు. ప్రొజెక్టర్‌కి నలుపు వేయడం చేతకాదు కదా. వెలుగు పడనిచోటే నలుపు అనుకోవాలి. గోడ అప్పటికే ఎంత వెలుతురులో ఉంటే అదే మీ నలుపు.

లెక్క వేసుకోండి. బొమ్మ 10 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు అనుకుంటే 60 చదరపు మీటర్లు. 10,000ని 60తో భాగిస్తే సుమారు 166 లక్స్, అంటే ఒక్కో చదరపు మీటరు మీద పడే వెలుగు. వీధిదీపం గోడ మీద 15 లక్స్ వేస్తోందనుకుంటే, మీ తెలుపుకీ నలుపుకీ తేడా పన్నెండు రెట్లే. పైగా ఎర్ర ఇటుక గోడైతే నీలాన్ని మింగేస్తుంది. కాబట్టి దీపాలు ఆర్పించగలిగితే చాలు, లేకపోతే బొమ్మ చిన్నది చేయండి. వెడల్పూ ఎత్తూ సగం చేస్తే వెలుగు నాలుగు రెట్లవుతుంది.

కిటికీలు, స్తంభాల గీతల కోసం ఫొటోలతో కుస్తీ పడకండి. ప్రొజెక్టర్‌ని షోలో ఉండే చోటే బిగించి, లాప్‌టాప్‌లో ఖాళీ పేజీ తెరిచి, గోడని చూస్తూ మౌస్‌తో అంచులు గీయండి. అదే మీ టెంప్లేట్. స్టాండ్ కాళ్ల చుట్టూ టేప్ అంటించడం మర్చిపోవద్దు. ఒకసారి ఎవరి కాలో తగిలి స్టాండ్ కాస్త తిరిగింది, నా కిటికీలన్నీ గోడ మీద మూరెడు పక్కకి పోయాయి.

నటుల విషయంలో ప్రొజెక్టర్‌ని వీలైనంత ఎత్తున పెట్టండి, నీడ గోడ మీద కాక నేల మీద పడుతుంది. బొమ్మ దించడానికి లెన్స్ షిఫ్ట్ వాడండి, అంటే ప్రొజెక్టర్‌ని వంచకుండా లెన్స్‌నే జరపడం. ప్రొజెక్టర్‌ని వంచి, వంకరపోయిన బొమ్మని కీస్టోన్ సెట్టింగ్‌తో సరిచేస్తే పిక్సెళ్లు పోతాయి. ముఖాలకి పక్కనుంచి లైటు ఇచ్చి, వాళ్లని గోడకి దూరంగా నిలబెట్టండి.

ఇక ఏం వేయాలంటారా? ఇటుకలు ఎగిరిపడే ఎఫెక్ట్ మాత్రం దయచేసి వద్దు, అది చూసీ చూసీ విసుగొచ్చింది. 1985లో క్రిస్టాఫ్ వొడిచ్కో అనే కళాకారుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం మీద నాజీ స్వస్తిక బొమ్మ వేశాడు. అక్కడ నల్లజాతివాళ్లని చట్టంతోనే వేరుచేసిన అపార్థైడ్ రోజులవి. కదలని బొమ్మ ఒక్కటే. పక్క భవనం మీద వేసుంటే దానికి ఆ దెబ్బ ఉండేది కాదు. మీ భవనం ఒకప్పుడు ఏమిటో కనుక్కోండి.

ప్రొజెక్టర్ అద్దెకి తీసుకునేముందు లెన్స్ త్రో రేషియో (దూరానికీ బొమ్మ వెడల్పుకీ నిష్పత్తి) అడగండి. 1.5 అంటే 10 మీటర్ల వెడల్పు బొమ్మకి 15 మీటర్ల దూరం కావాలి. ఆ దారిలో చెట్టు అడ్డం లేదని చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.